ఐసీయూ బయట ఆరు ప్రశ్నలు: ఒక వెయిటింగ్ హాల్ క్విజ్ కేస్ స్టడీ

లోపల పేషెంటుకు నర్సులున్నారు, మానిటర్లున్నాయి. బయట కుర్చీలో కూర్చున్న మనిషికి మాత్రం చెయ్యడానికి ఏ పనీ ఉండదు. బిల్లు కట్టాక, మందులు తెచ్చి ఇచ్చాక, మిగిలింది తలుపు వైపు చూడటమే. ఆ మనుషుల కోసం హైదరాబాద్‌లో ఒక పెద్ద ఆసుపత్రిలో మూడు వారాలు నడిచిన చిన్న క్విజ్ గురించి ఈ కేసు. రోజూ ఇరవై నిమిషాలు, ఆరు ప్రశ్నలు. ఇంకో హాల్లో ఇలాంటిది మొదలుపెట్టాలనుకునేవాళ్లకు పనికిరావాలని, కుదిరినదాని కంటే చెడినదాన్నే ఎక్కువ రాశాం.

హాలు ఎలా ఉండేది

రెండో అంతస్తు. పదేసి స్టీలు కుర్చీలు, ఆరు వరసలు. వెనక గోడ వెంబడి చాపలు, దుప్పట్లు, టిఫిన్ క్యారియర్లు, రిపోర్టులు పెట్టుకున్న ప్లాస్టిక్ కవర్లు. ఐసీయూలోకి ఇంటికి ఒకరిని చొప్పున రోజుకు రెండుసార్లు పంపేవారు: ఉదయం 11కి, సాయంత్రం 5కి. డాక్టరు మాట్లాడాలంటే సెక్యూరిటీ గార్డు మైకులో పేషెంటు పేరు పిలిచేవాడు. ఆ పిలుపు ఏ గంటకైనా రావచ్చు. అందుకే కిందికి టీకి వెళ్లాలన్నా పక్క కుర్చీవాళ్లకు అప్పజెప్పి వెళ్లేవారు. డెంగీ జ్వరాల రోజులు కావడంతో హాలు ఎప్పుడూ నిండే ఉండేది. సగం మంది జిల్లాల నుంచి వచ్చినవాళ్లు. పాతబస్తీ కుటుంబాలూ ఎక్కువే.

సాయంత్రం చూపులు అయిపోయాక మళ్లీ ఉదయం 11 దాకా ఏమీ లేదు. ఆరు నుంచి తొమ్మిది మధ్య హాలు బరువెక్కేది. కొత్తగా వచ్చి కూర్చున్న ప్రతివాళ్లకూ జరిగిందంతా మొదటి నుంచీ చెప్పడం, ఫోన్లో రిపోర్టు ఫొటోలను పెద్దవి చేసి చూసుకోవడం, తలుపు కిర్రుమంటే లేచి నిలబడటం. ఇదంతా ఊసుపోకపోవడం కాదు. మనసు ఒకే చోట గిరగిర తిరుగుతోంది, ఆనుకోవడానికి ఇంకో వస్తువు దొరకడం లేదు. క్విజ్ చెయ్యగలిగింది అంతే: ఇరవై నిమిషాలకు ఒక వస్తువు అందించడం.

నర్సింగ్ సూపరింటెండెంట్ దగ్గర ఒక పేజీ కాగితం మీద అనుమతి తీసుకున్నాం. అందులో నాలుగు షరతులు: మైకు వాడం, ఫొటోలు తియ్యం, ఎవరి పేర్లూ రాసుకోం, వైద్యం గురించి ఒక్క మాటా మాట్లాడం. చివరిది అన్నిటికంటే కష్టమైంది. నిలబడి గట్టిగా మాట్లాడే మనిషి కనబడితే హాలుకు అతను ఆసుపత్రి మనిషే. "సార్, మా నాయన ప్లేట్‌లెట్లు ఇరవై వేలంట, ఏమన్నా భయమా?" అని అడుగుతారు. తెల్ల చొక్కా వద్దు, మెడలో ట్యాగు వద్దు. "నేను డాక్టర్ని కాదన్నా, ఊరికే ప్రశ్నలు అడిగేటోణ్ణి. హెల్ప్‌డెస్క్ అదిగో" అన్న జవాబును ముగ్గురు వాలంటీర్లూ ఒకే మాటగా కంఠతా పట్టాల్సి వచ్చింది.

మొదటి వారం ఎందుకు చెడింది

మొదటి ప్రశ్నలు పోటీ పరీక్షల జీకే పుస్తకాల్లోంచి వచ్చాయి. రాజధానులు, నోబెల్ గ్రహీతలు, మొట్టమొదటి మహిళ ఫలానా. అప్పట్లో రోజుకు పది ప్రశ్నలు, బోర్డు మీద స్కోరు, గెలిచినవాళ్లకు బిస్కెట్ ప్యాకెట్.

మూడో రోజుకల్లా జవాబులన్నీ ఇద్దరు కుర్రాళ్ల నుంచే వచ్చాయి. ఇద్దరూ అశోక్‌నగర్‌లో గ్రూప్స్‌కి చదువుకుంటున్నవాళ్లు. వాళ్ల తప్పేమీ లేదు, చెయ్యి పైకెత్తడం ఆ చదువులో భాగమే. కానీ మిగతా హాలు చల్లగా వెనక్కి జరిగింది. ఆడవాళ్లు గోడ వైపు తిరిగారు. బిస్కెట్ ప్యాకెట్ గెలిచినవాడు దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కుర్చీ కింద దాచాడు. లోపల తండ్రి ముక్కులో గొట్టం ఉండగా బయట బహుమతి తినడం ఎవరికి మింగుడుపడుతుంది? బహుమతి ఆ రోజే ఆగిపోయింది.

అసలు దెబ్బ అది కాదు. నాలుగో రోజు ఒక పెద్దావిడ ఏదో జవాబు చెప్పింది, తప్పయింది. "ఇది గూడ తెల్వకపాయె నాకు" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ హాల్లో ఆ మాట అప్పటికే వందసార్లు వినబడి ఉంది. "జ్వరం అంత ముదిరిందని తెల్వదు." "ముందురోజే తీసుకురావాలని తెల్వదు." ఐసీయూ బయట కూర్చున్నవాళ్లందరి లోపలా తెలియకపోవడం అన్న పుండు ఒకటుంది. క్లబ్బులోనో కాలేజీలోనో తప్పు జవాబు నవ్వుకునే సంగతి. ఇక్కడ అది పుండు మీద వేలు. ఈ సంగతి అర్థమయ్యాక పాత ప్రశ్నలన్నీ అవతల పెట్టి, ఒకే కొలత పెట్టుకున్నాం: తెలియకపోయినా నొప్పి పుట్టని ప్రశ్న కావాలి.

పల్లీల ప్రశ్న

ఆ కొలతకు సరిపోయిన మొదటి ప్రశ్న ఇది: "పల్లీలను మీ దిక్కు ఏమంటరు?"

పల్లీలు, వేరుశనగ, శెనక్కాయలు, బుడ్డలు, మూంగ్‌ఫలీ. ఎవరు ఏం చెప్పినా సరైనదే, ఒక్కో పేరుకు ఒక్కో ఊరు. బుడ్డలు అన్నవాళ్లది ఏ జిల్లా అని ముందు వరస అడిగింది, వెనక వరస జవాబిచ్చింది. నిర్వాహకుడు మాట్లాడాల్సిన పనే లేకపోయింది. ఆ తర్వాత ఇదే అచ్చులో చాలా కార్డులు తయారయ్యాయి: మక్కజొన్న, మొక్కజొన్న, సొరకాయ, ఆనపకాయ, గోకరకాయ, గోరుచిక్కుడు. రోజుకు ఇలాంటిది ఒక్కటే, అదీ మొదటి ప్రశ్నగానే. రెండు పెడితే మాటలు ఊళ్ల మీదికి, అక్కణ్నుంచి ఇంటి మీదికి, ఇంట్లో ఒంటరిగా వదిలి వచ్చిన పిల్లల మీదికి మళ్లుతాయి.

రెండో రకం పొడుపు కథలు. చదవడం రానివాళ్లను క్విజ్‌లోకి తెచ్చేది ఇవే. "తోకలేని పిట్ట తొంభై ఆమడ పోతది" అంటే ఉత్తరం. "చెయ్యని కుండ, పొయ్యని నీళ్లు, వెయ్యని సున్నం" అంటే కొబ్బరికాయ. "అమ్మ అంటే కలుస్తాయి, నాన్న అంటే కలవవు" అంటే పెదవులు. దీనికి అరవై మందీ ఒక్కసారి లోలోపల అమ్మ, నాన్న అని అనుకుని చూస్తారు, ఆ దృశ్యం చూడాల్సిందే. డిగ్రీ చదివిన మనవడి కంటే ముందు నాయనమ్మ చెబుతుంది.

మూడో రకం, నోట్లో ఆడుతూ నాలుక మీదికి రాని జవాబులు. ఇవే క్విజ్‌కు నడుము. 1966లో రోజర్ బ్రౌన్, డేవిడ్ మెక్‌నీల్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఈ స్థితి మీదే ప్రయోగం చేశారు. మాట గుర్తుకు రాకముందే దాని మొదటి అక్షరమో పొడవో మనకు తెలిసిపోతుందని అందులో తేలింది. హింటు పనిచేసేది అందుకే. బొత్తిగా తెలియనిది అడిగితే మనసు వెతకదు, బాగా తెలిసింది అడిగినా వెతకదు. సగం తెలిసినప్పుడే వెతుకుతుంది. అలా వెతుకుతున్నంతసేపు ఆ పాత గిరగిర ఆగుతుంది. మనకు కావాల్సింది ఆ కాస్త ఆగడమే.

చారిత్రక నగరంతో వచ్చిన చిక్కు

స్థానిక ప్రశ్నలే ఆడతాయని తేలాక హైదరాబాద్ మీద ఒక రాత్రిలో నలభై కార్డులు రాయడం సులువే. వాటిని మర్నాడు ఆసుపత్రి కళ్లతో చదివితే సగం పనికిరాలేదు. ఈ నగర చరిత్రలో ఏ తలుపు తట్టినా అంటువ్యాధో వరదో సమాధో తెరుచుకుంటుంది.

చార్మినార్ ఎందుకు కట్టారు? 1591లో కట్టిన ఆ కట్టడానికి జనం చెప్పుకునే కథ మహమ్మారి తగ్గిన మొక్కు. తీసేశాం. సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి బోనాల పుట్టుక? 1813 కలరా కథ. తీసేశాం. బుద్ధ విగ్రహం హుస్సేన్‌సాగర్ అడుగున రెండేళ్లు ఎందుకుంది? 1990లో తరలిస్తుండగా మునిగింది, మనుషులు పోయారు, 1992లో నిలబెట్టారు. తీసేశాం. 1908 మూసీ వరదలో జనాన్ని కాపాడిన అఫ్జల్‌గంజ్ చింతచెట్టు, అదీ ఒక ఆసుపత్రి ఆవరణలోదే. ఎంత చక్కటి ప్రశ్నో, అంత వద్దు. కుతుబ్ షాహీ సుల్తానుల, పైగా నవాబుల కట్టడాల కార్డులన్నీ సమాధులే. అన్నిటికంటే బాధగా పక్కన పెట్టింది రోనాల్డ్ రాస్ కార్డు. మలేరియా క్రిమి దోమ కడుపులో ఉందని 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో కనుక్కున్నాడు, 1902లో నోబెల్ వచ్చింది. ఊళ్లోని గొప్ప ప్రశ్నల్లో ఒకటి. కానీ డెంగీ హాల్లో దోమ అన్న మాట ఎత్తడం ఎట్లా?

పొడుపు కథలకూ ఇదే జల్లెడ. "కిటకిట తలుపులు కిటారి తలుపులు, ఎప్పుడు తీసినా చప్పుడు కావు" అంటే కనురెప్పలు. లోపల మనిషి కళ్లు తెరవక మూడు రోజులైంది. "ఎర్రటి పండు మీద ఈగైనా వాలదు" అంటే నిప్పు. అది ఎటు తీసుకెళ్తుందో చెప్పనక్కర్లేదు. రక్తం గ్రూపులు, ఎముకల లెక్కలు, ఎవరెప్పుడు చనిపోయారన్న సంవత్సరాలు, "బతికి ఉన్న చివరి ఫలానా" లాంటివన్నీ అదే మూటలో కట్టేశాం.

అలాగని ఆ ప్రదేశాలను వదులుకోనక్కర్లేదు. ఎందుకు అన్న ప్రశ్న చరిత్రలోకి లాగుతుంది. ఎక్కడ, ఎన్ని, ఏ శబ్దం, ఏ రుచి అన్న ప్రశ్నలు కంటి ముందుకు తెస్తాయి. చార్మినార్‌కు గడియారాలెన్ని? నాలుగు, దిక్కుకొకటి, 1889లో పెట్టారు. బోనాలు మొదట ఎక్కడ మొదలవుతాయి? గోల్కొండ, తర్వాత సికింద్రాబాద్, ఆ తర్వాత లాల్‌దర్వాజా. హుస్సేన్‌సాగర్ బుద్ధుడు కూర్చున్నాడా, నిలబడ్డాడా? ఇది మరీ సులువనిపిస్తుంది, అయినా ఒక క్షణం అందరూ ట్యాంక్‌బండ్ మీదికి వెళ్లొస్తారు. నిలబడే ఉన్నాడు. సాలార్‌జంగ్ మ్యూజియంలో గంట గంటకూ జనం గుమిగూడి దేన్ని చూస్తారు? లోపలి బొమ్మ బయటికొచ్చి గంట కొట్టే గడియారాన్ని.

ఒక సాయంత్రం కార్డులు

రెండో వారంలో ఒక రోజు వాడిన ఆరూ, అదే వరసలో:

1. పల్లీలకు ఎన్ని పేర్లు?
2. ఆర్టీసీ సొంత బస్సుల నంబరు ప్లేటు మీద తప్పకుండా ఉండే ఇంగ్లిషు అక్షరం ఏది? (జెడ్)
3. గోల్కొండలో ఎక్కడ చప్పట్లు కొడితే పైన బాలాహిస్సార్‌లో వినబడుతుంది? (ప్రవేశద్వారం గుమ్మటం కింద)
4. తోకలేని పిట్ట తొంభై ఆమడ పోతది. ఏంటది? (ఉత్తరం)
5. మెట్రోలో ఒక లైను నుంచి ఇంకో లైనుకు మారే స్టేషన్లు మూడు. ఏవి? (అమీర్‌పేట, ఎంజీబీఎస్, పరేడ్ గ్రౌండ్స్)
6. ఖైరతాబాద్ వినాయకుణ్ని మొదట 1954లో పెట్టినప్పుడు ఎత్తెంత? (ఒక్క అడుగు)

రెండోది హాలు కిటికీలోంచి రోడ్డు చూసి కూడా చెప్పొచ్చు. ఇద్దరు లేచి కిటికీ దగ్గరికి నడిచారు. పొద్దున్నుంచీ కుర్చీలో బిగుసుకుపోయిన మనిషి పది అడుగులు వేస్తే అదీ లాభమే. ఈ కార్డు మీద మొదట "ఆర్టీసీ బస్సు" అని మాత్రమే ఉండేది. అద్దె బస్సులకు ఆ అక్షరం ఉండదని వరసలోంచి ఒకాయన పట్టుకున్నాడు, నిజమే. అప్పుడే "సొంత" చేరింది. ఆ అక్షరం నిజాం తల్లి జహ్రా బేగం పేరు మీద వచ్చిందని జనం చెప్పుకుంటారు. దాన్ని జవాబుగా కాక, చెప్పుకునే మాటగానే వినిపించాం.

ఐదోది ముగ్గురు కలిస్తేనే పూర్తయ్యే ప్రశ్న. అమీర్‌పేట ఎవరైనా చెబుతారు, మూడోదాని కోసం పక్కవాళ్ల వైపు తిరగాలి. ఆరోది ఎవరికీ తెలియనక్కర్లేని ప్రశ్న, అంచనా మాత్రమే. పది అడుగులు, పదిహేను, ఇరవై అంటూ పోతారు. ఒక్క అడుగు అనగానే హాలు నోరు తెరుస్తుంది. చివరి ప్రశ్న ఎప్పుడూ అంచనాదే అయ్యుండాలి: క్విజ్ ముగిశాక కూడా పది నిమిషాలు దాని మీద మాటలు నడుస్తాయి.

నడిపే పద్ధతి

సమయం రాత్రి 7:30. అంతకుముందైతే 5 గంటల చూపుల తాలూకు ఏడుపు ఇంకా ఆరదు, 8 దాటితే భోజనాలు. ప్రశ్న ఇరవై మాటలు మించకూడదు. తెలుగులో ఒకసారి, హైదరాబాదీ హిందీలో ఒకసారి చదివితే ఇరవై సెకన్లు. ఆలోచనకు తొంభై సెకన్లు, ముప్పయ్యో సెకనుకు ఒక హింటు, అరవయ్యో సెకనుకు ఇంకోటి. జవాబు, దాని వెనక రెండు వాక్యాలు కలిపి ముప్పై సెకన్లు. మాటలకు నలభై. ప్రశ్నకు మూడు నిమిషాలు, ఆరుకు పద్దెనిమిది. నిశ్శబ్దం భరించలేక తొంభై సెకన్లను నలభైకి కుదించడం కొత్త వాలంటీర్లందరూ చేసే తప్పు. మనకు ఖాళీగా తోచే ఆ సమయంలోనే క్విజ్ తన పని చేస్తూ ఉంటుంది. వాచీ చూసుకోండి.

బోర్డు రెండడుగులు ఎత్తు, మూడడుగులు వెడల్పు. వెనక వరస ఇరవై అడుగుల దూరం, కాబట్టి అక్షరం రెండంగుళాల ఎత్తుండాలి. దానివల్ల బోర్డు మీద ఒక్క ప్రశ్నే పడుతుంది, అది మంచిదే. నల్ల మార్కరే వాడండి, ఎర్ర మార్కరు రాత ట్యూబులైటు కింద వెనక్కి కనబడదు.

స్కోరు లేదు, జట్లు లేవు. హాలంతా ఒకవైపు, బోర్డు ఒకవైపు. ఆరింటిలో నాలుగు చెబితే హాలు గెలిచినట్టు. జట్లు ఎందుకు వద్దంటే, మధ్యలో లేచి వెళ్లాల్సినవాడు తన జట్టు ఓడిపోతుందని ఒక్క క్షణం ఆగినా అది మన పాపమే. మైకు మోగగానే నోట్లో ఉన్న మాట సగంలోనే ఆపాలి. పేరు పూర్తిగా వినబడి, ఆ ఇంటివాళ్లు తలుపు దాకా చేరాక ప్రశ్నను మళ్లీ మొదటి నుంచి చదవాలి. వెళ్లినవాళ్లు తిరిగొచ్చాక ఏమైందని అడగొద్దు. వాళ్లంతట వాళ్లే "ఏం జవాబు వచ్చింది?" అంటే చెప్పాలి.

చప్పట్లు వద్దు, చాపల మీద నిద్రపోతున్నవాళ్లుంటారు. చెయ్యి పైకెత్తి ఊపితే చాలు.

అశోక్‌నగర్ కుర్రాళ్లను ఏం చెయ్యాలన్నది తీరిన తీరు బాగుంది. వాళ్లను హింటు మనుషులుగా మార్చాం. జవాబు కార్డు వాళ్ల చేతికిచ్చి, జవాబు చెప్పకుండా రెండు హింటులు తయారుచెయ్యమన్నాం. అది జవాబు చెప్పడం కంటే కష్టమైన పని, తెలివైనవాడికి సరిపడా మేత. చెయ్యి ఎత్తడం దానంతటదే ఆగింది.

ఫోన్ల సంగతి. క్విజ్ అంటే ఫోన్లు లోపల పెట్టమనడం అలవాటు. ఇక్కడ ఆ మాట అనకూడదు. ఆ ఫోను ఊళ్లో ఉన్న ఇంటికీ, రక్తం ఇచ్చే దాతకూ, అప్పిచ్చే బావకూ తాడు. గూగుల్ చేస్తే చెయ్యనివ్వండి. పల్లీల ప్రశ్నకు, అంచనా ప్రశ్నకు గూగుల్ వల్ల పెద్ద లాభమూ ఉండదు.

వాట్సాప్ గ్రూపు పెట్టి పొద్దున కూడా ప్రశ్న పంపితే బాగుంటుందన్న ఆలోచన రెండు రోజులే బతికింది. గ్రూపులో చేరగానే అందరి నంబర్లూ అందరికీ కనబడతాయి. ఒకావిడకు ముక్కూమొహం తెలియని మనిషి నుంచి రాత్రి మెసేజీ వచ్చింది. అడ్మిన్లు మాత్రమే రాసేలా సెట్టింగు మార్చినా నంబర్లు దాగవు. బ్రాడ్‌కాస్ట్ లిస్టు పెడదామంటే పంపేవాళ్ల నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే అది చేరుతుంది. పైగా పేషెంటు డిశ్చార్జి అయినా, మరొకటి అయినా, ఆ తర్వాత ఇంటికి చేరిన ఫోనులో హాలు ప్రశ్న మోగడం ఎంత ఘోరం. గ్రూపు మూసేశాం. దాని బదులు ఉదయం 8కి బోర్డు మీద ఒక ప్రశ్న రాసి వదిలేసేవాళ్లం, జవాబు సాయంత్రమే.

తగువు పెట్టే జవాబులు

తప్పు జవాబు పలికితే హాలు క్షమిస్తుంది, రెండు జవాబులున్న ప్రశ్నను మాత్రం క్షమించదు. అలసిన మనుషుల్లో తగువు అగ్గిపుల్లలా అంటుకుంటుంది. చార్మినార్ ఎత్తు అడిగితే ఒకచోట 56 మీటర్లు, ఇంకోచోట 48 మీటర్ల పైచిలుకు. తెలుగు అక్షరాలెన్ని అంటే ఏ పుస్తకం పట్టుకొచ్చినవాడిది ఆ లెక్క. తొలి తెలుగు టాకీ భక్త ప్రహ్లాద విడుదల చాలాకాలం 1931 సెప్టెంబరు 15 అని నడిచింది, తర్వాత పరిశోధనలో 1932 ఫిబ్రవరి 6 అని తేలింది. రెండూ నేర్చుకున్నవాళ్లు హాల్లో ఉంటారు. హాకీ మన జాతీయ క్రీడ అని బడిలో చెప్పారు, అధికారికంగా అలా ప్రకటించింది లేదు. తెలంగాణ జిల్లాలు 2014లో 10, 2016 అక్టోబరులో 31, 2019 ఫిబ్రవరి నుంచి 33. పాత పుస్తకం చూసి 31 అన్నామంటే నారాయణపేట నుంచి వచ్చిన మనిషి ఊరుకోడు, ఎందుకూరుకోవాలి?

అందుకని ప్రతి కార్డు వెనక నాలుగు గళ్లు: జవాబు, ఒప్పుకోదగ్గ వేరే జవాబులు, సరిచూసిన రెండు ఆధారాలు, సరిచూసిన తేదీ. ఆధారాలు ఒకదాన్ని చూసి ఇంకోటి ఎత్తిరాసినవైతే అవి రెండు కావు, ఒకటే. జల్లెడలో ఆగిన కార్డు మూలన ఎర్ర చుక్క. దాన్ని పారెయ్యనక్కర్లేదు, ప్రసూతి వార్డు బయటో డయాలసిస్ హాల్లోనో వేరే జల్లెడ ఉంటుంది. హాల్లో ఎవరైనా జవాబును ఎదిరిస్తే వాదించకుండా "మీ మాటే రాసుకుంటా అన్నా, రేపు చూసి చెప్తా" అని కార్డు పక్కన పెట్టాలి, మర్నాడు నిజంగా చూసి చెప్పాలి.

ఎన్ని కార్డులు కావాలంటే, సాయంత్రం ఆరు, పొద్దున ఒకటి, ఇరవై ఒక్క రోజులకు 147. పక్కన పడేవి, వాదనలో పోయేవి కలుపుకుని 180 రాసుకుంటే సరిపోయింది.

పదహారో రోజు

7:40కి, మూడో ప్రశ్న మీద ఉండగా మైకు పిలిచింది. కాసేపటికి తలుపు అవతల నుంచి ఏడుపు. మూడో వరసలో పల్లీల గురించి రోజూ మాట్లాడే కుటుంబమే.

అప్పుడు చేసినవి: కార్డులు జేబులో పెట్టుకోవడం, బోర్డును గోడ వైపు తిప్పడం, వాలంటీర్లు హాలు దాటి మెట్ల దగ్గర నిలబడటం. బోర్డు తుడవలేదు. అందరూ చూస్తుండగా డస్టర్ తిప్పితే అదొక ముగింపులా కనబడుతుంది. సంతాపం మాటలు చెప్పలేదు, ఆ చనువు క్విజ్ మనుషులకు లేదు. పక్క కుర్చీలవాళ్లకు ఉంది, వాళ్లే లేచి వెళ్లారు. ఆ రాత్రి క్విజ్ లేదు. మర్నాడు ఉదయం బోర్డు మీద ప్రశ్న రాయలేదు. సాయంత్రం గొంతు ఎత్తకుండా, కొబ్బరికాయ పొడుపు కథ ఒక్కటే రాసి పక్కకు జరిగాం. చదివినవాళ్లు చదివారు. పద్దెనిమిదో రోజు ముందు వరసలోంచే "ఈరోజు లేదా?" అని అడిగాక మళ్లీ ఆరు ప్రశ్నలు.

ఆపాలా వద్దా అన్న చర్చ వాలంటీర్ల మధ్య గట్టిగానే జరిగింది. హాలు అడిగేదాకా ఆగడం సరైనదని ఇప్పటికీ అనిపిస్తుంది. ఎవరూ అడగకపోయుంటే ఆ హాల్లో క్విజ్ అక్కడితో ఆగి ఉండేది, అదీ సరైనదే.

కనబడిన మార్పు

మూడో వారానికి రాత్రి ప్రశ్నల్లో ఒకటో రెండో హాలు నుంచే వచ్చేవి. పొడుపు కథలైతే మా దగ్గరున్న వాటికంటే వాళ్ల దగ్గరున్నవే ఎక్కువ. పొద్దుటి ప్రశ్న కింద ఎవరో చిన్న అక్షరాల్లో జవాబు రాసేవారు, ఇంకెవరో కొట్టేసి వేరేది రాసేవారు. వార్డుకు మారిన పేషెంటు కొడుకు ఒకడు పై అంతస్తు నుంచి దిగొచ్చి నిన్నటి అంచనా ప్రశ్న జవాబు కనుక్కుని వెళ్లాడు.

అందరికీ కాదు. వెనక గోడ దగ్గర దుప్పటి ముసుగు తన్నినవాళ్లు మూడు వారాలూ ముసుగు తియ్యలేదు. వాళ్లను పిలవకూడదన్నది మొదటి రోజు నుంచీ నియమం. ఇంకో రకం మనుషుల్ని కనిపెట్టుకుని ఉండాలి: ప్రతి ప్రశ్నకూ మరీ హుషారుగా జవాబు చెబుతూ, లోపలి నుంచి సంతకానికి పిలిస్తే "ఇదొక్కటి అయిపోనీ" అనేవాళ్లు. అలాంటప్పుడు ప్రశ్న మనమే ఆపి, వాళ్లు లేచి వెళ్లేదాకా నోరు తెరవకూడదు. నిద్రాహారాలు మానేసి, బతుకు మీద విరక్తి మాటలు మాట్లాడేవాళ్లకు క్విజ్ మందు కాదు. నర్సింగ్ డెస్క్‌కు చెప్పాలి. బోర్డు కింది అంచున ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 మొదటి రోజు నుంచీ రాసే ఉంది, అది ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఆ ఒక్క గీతను మాత్రం ఎవరూ తుడవొద్దని చుట్టూ గడి కట్టాం.

మూడు వారాల తర్వాత నడపడానికి అందించిన పెట్టెలో ఇవి ఉన్నాయి: 180లో మిగిలిన కార్డులు, ఎర్ర చుక్కవి వేరే కవరులో, ఖాళీ కార్డులు యాభై, చౌక వాచీ ఒకటి, డస్టరు, వాడిన కార్డుల తేదీలు రాసే నోటుపుస్తకం. పదిహేను రోజులు దాటితే ఆ కార్డు మళ్లీ వాడొచ్చు, అన్ని రోజులు ఆ హాల్లో ఉండేవాళ్లు కొద్దిమందే. ఉంటే మాత్రం వాళ్లకే హింటు పని అప్పజెప్పాలి. పెట్టె సెక్యూరిటీ టేబుల్ కింది అరలో ఉంటుంది, తాళం లేదు. మార్కరు మాత్రం గార్డు జేబులో ఉంటుంది. టేబుల్ మీద పెడితే సాయంత్రానికి మాయమవుతోంది.